బలయ్యాడా, తన్ను తాను అర్పించుకున్నాడా?

సందేహం: శుభ శుక్రవారం ఆరాధనకు మా సంఘం వేయించే ఫ్లెక్సీ మీద ‘మన పాపాల కోసం బలైన యేసు’ అని రాశాం. బలి అంటే జాతరలో వేటపోతును నరికినట్టుంటుంది, ‘త్యాగం’ అనండి అన్నారు ఒక పెద్దాయన. బైబిల్లో ‘సజీవయాగము’ ఉంది కదా, యాగం అనవచ్చు అన్నారు ఇంకొకరు. ఏది సరి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

సమాధానం: మీరు ఎంచుకున్న మాట సరైనదే. దాని పక్కన పెట్టిన ‘అయిన’ దగ్గరే చిక్కు వచ్చింది.

‘లారీ ఢీకొని ఇద్దరు బలి’ అని పేపర్లో రోజూ చదువుతాం. అక్కడ దేవుడు లేడు, అర్పణ లేదు. తన ప్రమేయం లేకుండా ఇంకొకరి తప్పుకు చిక్కిపోవడమే నేటి వాడుకలో ‘బలైపోవడం’. క్రైస్తవ విశ్వాసం చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని అంటాడు. కాబట్టి ‘బలైన యేసు’ అంటే రోమా అధిపతి పిలాతు చేతిలో అన్యాయమైపోయిన మనిషి కనిపిస్తాడే తప్ప రక్షకుడు కనిపించడు.

మరి త్యాగం? ఇంగ్లీషులో సాక్రిఫైస్ అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. తల్లి బిడ్డ కోసం నిద్ర మానుకున్నా అదే, బలిపీఠం మీద గొర్రెను వధించినా అదే. మనకు రెండు మాటలున్నాయి, వాటిని కలిపేసుకోనక్కరలేదు. త్యాగానికి ‘దేన్ని’, ‘ఎవరి కోసం’ అన్న ప్రశ్నలుంటే చాలు. బలికి ‘ఎవరికి’ అన్నది కూడా కావాలి, వ్యాకరణంలో సంప్రదానం అంటామే, అది. ఉద్యోగం త్యాగం చేశాడంటే ఎవరికి అని అడగం. బలి ఇచ్చాడంటే వెంటనే అడుగుతాం. క్రీస్తు మరణంతో పాపవిముక్తి కలుగుతుందనే రక్షణ సిద్ధాంతంలో ఆ ‘ఎవరికి’ తీసేస్తే మిగిలేది ఒక మంచి మనిషి ఆదర్శ మరణం. బైబిల్లోని ఎఫెసీ పత్రిక (ఉత్తరం) 5:2లో ‘దేవునికి అర్పణముగాను బలిగాను’ అని రెండు మాటలు పక్కపక్కనే పెట్టింది అందుకే. పెద్దాయన మాటను కొట్టిపారేయలేం: పరలోక మహిమను విడిచి దాసుని రూపం ధరించడం గురించి చెప్పేటప్పుడు త్యాగం చక్కగా నప్పుతుంది. సిలువ దగ్గర మాత్రం చాలదు. (తమాషా ఏమిటంటే, కాత్యాయన శ్రౌతసూత్రం యాగానికి చెప్పిన లక్షణమే ‘ద్రవ్యం, దేవత, త్యాగం’. ‘ఇది నాది కాదు’ అంటూ దేవతకు వదలడమే అక్కడ త్యాగం. అంటే పూర్వం త్యాగానికీ ‘ఎవరికి’ ఉండేది. వాడుకలో రాలిపోయింది.)

జాతర గుర్తొస్తుందన్న అభ్యంతరానికి, బలుల నియమాలు చెప్పే బైబిలు గ్రంథం లేవీయకాండమే జవాబు. మొదటి అధ్యాయంలోని దహనబలి క్రమం చూడండి. తెచ్చినవాడే పశువు తల మీద చెయ్యి ఉంచాలి, వధించాలి. యాజకుడు రక్తాన్ని బలిపీఠం చుట్టూ ప్రోక్షించాలి. చర్మం ఒలిచి, ముక్కలు చేసి, పేగులూ కాళ్లూ నీళ్లతో కడిగి అంతా కాల్చేయాలి. తెచ్చినవాడికి ఒక్క ముక్క కూడా దక్కదు. జాతర వేట ఇంటికొచ్చి కూరవుతుంది. దానికి కాస్త దగ్గరగా ఉండేది మూడో అధ్యాయంలోని సమాధానబలి, అందులో కొంత భాగం తెచ్చినవాళ్లు తింటారు. రెండో అధ్యాయంలోని నైవేద్యంలో పశువే లేదు. మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి. ఉప్పు తప్పనిసరి, పులిసినదీ తేనె కలిసినదీ కాల్చకూడదు. పాపపరిహారార్థబలికి కూడా గువ్వలు కొనలేని పేదవాడు ఏఫాలో పదో వంతు, అంటే సుమారు రెండు లీటర్ల పిండి తెస్తే చాలు. ప్రసంగాల్లో ‘రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు’ అని గట్టిగా వినిపిస్తుంది గానీ, హెబ్రీ 9:22 ఆ వాక్యాన్ని ‘సామాన్యముగా చెప్పవచ్చును’ అని ముగిస్తుంది. ఆ ‘సామాన్యముగా’లో ఈ పేదవాడి పిండికి చోటుంది. ఉదహరించేటప్పుడు దాన్ని మింగేయకండి.

‘పరిహారం’ దగ్గరా జాగ్రత్త. గోదావరి వరదలొచ్చిన ప్రతిసారీ పంట నష్టపరిహారం మాట విని విని మనకు పరిహారమంటే డబ్బే అయిపోయింది. దోషపరిహారంలో ఉన్నట్టు ‘తొలగించడం’ దాని పాత అర్థం, పాపపరిహారంలో ఉన్నదీ అదే. నష్టం కట్టించే సంగతి అపరాధ పరిహారార్థబలిలో ఉంది: అన్యాయంగా తీసుకున్న సొత్తు తిరిగిచ్చి, దానికి అయిదో వంతు కలపాలి. ఆ పైన పొట్టేలు.

‘బలిపశువు’ అని మాత్రం రాయకండి. ఇతరుల తప్పును నెత్తిన వేసుకోవలసి వచ్చినవాణ్ని ఇంగ్లీషులో స్కేప్‌గోట్ అంటారు, దానికి దీన్ని సమానార్థకంగా వాడుతున్నారు, పొరపాటు. లేవీయకాండం 16లో మేకలు రెండు. ఒకదాన్ని వధిస్తారు. రెండోదాని తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలు ఒప్పుకొని, అడవిలోకి ప్రాణంతోనే తోలించేస్తాడు. ఇంగ్లీషు మాట పుట్టింది ఈ రెండో మేకకే. అది అసలు బలి కాలేదు!

యాగం సంగతి తేలిక. గ్రీకులో మాట ఒకటే అయినా, తెలుగు అనువాదం వధ లేని చోట ఎక్కువగా యాగాన్నే వాడింది: స్తుతియాగం, సజీవయాగం. రోమా 12:1లో ‘సజీవ బలి’ అని ఉంటే మన చెవికి ‘సజీవ దహనం’ వినిపించేది. అనువాదకుల చెవి మెచ్చుకోదగ్గది. కనుక విశ్వాసి జీవితానికి యాగం, క్రీస్తు మరణానికి బలి అని ఉంచుకోండి. ఇంకొకటి, రొట్టె, ద్రాక్షారసాలతో చేసే ఆరాధనకు ‘బలిపూజ’ అన్నది కతోలికుల మాట. వారికి పూజే బలి, 1562లో ట్రెంట్ మహాసభ దాన్ని స్థిరపరిచింది. క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడు, మేం చేసేది జ్ఞాపకం అనే బాప్టిస్టు, బ్రదరన్ సంఘాలు ‘బల్ల’, ‘రొట్టె విరుచుట’ అంటాయి. మీది ఏ సంఘమో చూసుకొని రాయించండి.

ఇక ఫ్లెక్సీ. అర్పించేవాడూ అర్పణా ఒకరే అని చెప్పడానికి తెలుగులో ‘కొను’ ఉంది: ‘మన పాపాల నిమిత్తం తన్ను తాను దేవునికి బలిగా అర్పించుకున్న యేసు’. ఇందులో ఎవరు, దేన్ని, ఎవరికి, ఎందుకు, నాలుగూ ఉన్నాయి. పొడవెక్కువైందని ఫ్లెక్సీ కుర్రాడు అంటే ‘మన కోసం ప్రాణం పెట్టిన ప్రభువు’ అని వేయించండి. ‘ఎవరికి’ రాదు గానీ, తానే ఇచ్చాడన్నది తెలుస్తుంది. ‘మనవలంటే ప్రాణం పెడుతుంది’ అనే మన ఇళ్లలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు.