అడిగే పెట్టె తీసేయండి

ప్రశ్న: మా పొదుపు సంఘానికి చెల్లింపుల యాప్ చేయిస్తున్నాం. ₹500 పంపబోయి ₹5,000 పంపుతున్నవాళ్లున్నారు. ‘కచ్చితంగా పంపాలా?’ అని అడిగే పెట్టె పెట్టినా తగ్గలేదు. సభ్యులు ఒకరినొకరు డబ్బు అడిగే సౌకర్యం కూడా కావాలంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ఆ పెట్టె ప్రతిసారీ వస్తుంది కాబట్టి ఎవరూ చదవరు, వేలు దానంతటదే ‘అవును’ మీదికి పోతుంది. తీసేయండి. విషయమంతా బటన్ మీదే రాయండి: ‘సరోజకు ₹5,000 (ఐదు వేలు) పంపు’. సున్నా ఎక్కువైతే అంకెల్లో కనిపెట్టడం కష్టం, అక్షరాల్లో ఇట్టే తెలుస్తుంది. కొత్త వ్యక్తికి పంపుతున్నప్పుడో, ఎప్పటికన్నా అనేక రెట్లు పంపుతున్నప్పుడో మాత్రం ఆపి, ఎంత పంపుతున్నారో మళ్లీ టైప్ చేయించండి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంటుంది. నెట్ నెమ్మదించి, జవాబు రాకముందే యాప్ ‘విఫలమైంది’ అంటే సభ్యులు రెండోసారి పంపేస్తారు. తేలేదాకా ‘పెండింగ్’ అనే చూపండి. ప్రతి చెల్లింపుకూ ఫోన్‌లోనే ఒక నంబరు పుట్టించండి; అదే నంబరుతో మళ్లీ వస్తే సర్వర్ రెండోసారి డబ్బు పంపకూడదు. ఒకసారి నొక్కాక బటన్‌ను మసకబార్చడం ఒక్కటే చాలదు.

ఇక డబ్బు అడిగే సౌకర్యం. వద్దు. యూపీఐలో మోసగాళ్లు డబ్బు కోరుతూ అభ్యర్థన పంపి, దాంతోపాటు వెళ్లే చిన్న నోట్‌లో ‘రీఫండ్’ అని రాసేవారు. అపరిచితుడి మాట యాప్ సొంత తెరమీద కనబడేసరికి జనం నమ్మి పిన్ కొట్టేవారు. నిజానికి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. చివరికి 2025 అక్టోబరు నుంచి వ్యక్తుల మధ్య ఈ అభ్యర్థనలను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది.

బకాయి గుర్తుచేయాలంటే ఆ హక్కు సంఘం ఆఫీసుకే ఇవ్వండి. నోట్ రాసే గడి వద్దు; ‘నెల వాయిదా’, ‘జరిమానా’ లాంటి సిద్ధంగా ఉన్న కారణాల్లోంచే ఎంచుకోవాలి. పైన పెద్ద అక్షరాలతో ‘మీ ఖాతా నుంచి ₹500 పోతుంది’ అని ఉండాలి. తీసుకునేవారి పేరు బ్యాంకు రికార్డులోదే చూపాలి, వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు కాదు.

ప్రశ్న: ‘పంపు’, ‘రద్దు’ బటన్లు ఎంత దూరంలో ఉండాలి?

జవాబు: ఆండ్రాయిడ్‌లో ఒక్కో బటన్ 48 డీపీకి (డీపీ అంటే తెరమీది కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మధ్య కనీసం 8 డీపీ ఖాళీ. డబ్బు విషయం కాబట్టి ఇంకా ఎడంగా పెట్టినా తప్పులేదు.