నాలుగు రోజుల కిందటి ప్లేట్‌లెట్లు పనిచేస్తాయా?

సమస్య: మా నాన్నగారికి 61 ఏళ్లు. కీమోథెరపీ జరుగుతోంది. మొన్న ప్లేట్‌లెట్లు 8 వేలకు పడిపోతే ఒక బ్యాగ్ ఎక్కించారు. అది సేకరించి అప్పటికే నాలుగు రోజులైంది. పైగా ఫ్రిజ్‌లో కూడా పెట్టలేదట! మర్నాటికి కౌంట్ 19 వేలే ఉంది. పాడైనవి ఎక్కించారేమోనని టెన్షన్‌గా ఉంది.

సలహా: ఫ్రిజ్‌లో పెట్టకపోవడం పొరపాటు కాదండీ. ఎర్రరక్తకణాలను చల్లగా ఉంచుతారు గానీ, ప్లేట్‌లెట్లను 20–24 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊపే యంత్రం మీద ఉంచుతారు. చల్లబడిన ప్లేట్‌లెట్ల పైపొర మారిపోతుంది. వాటిని ఎక్కిస్తే కాలేయం త్వరగా ఏరిపారేస్తుంది.

బ్యాగ్‌లో ఉన్నా ఇవి బతికున్న కణాలే. గ్లూకోజు తింటూనే ఉంటాయి. అందులో చాలాభాగం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆక్సిజన్ చాలకపోతే ఆ ఆమ్లం ఇంకా పెరుగుతుంది. అందుకే గాలి ఆడే ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో బ్యాగులు చేస్తారు, ఊపుతూ ఉంచుతారు. ప్లాస్మాలోని బైకార్బనేట్ కొన్నాళ్లు ఆమ్లాన్ని విరిచేస్తుంది. అది అయిపోయాక పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) పడిపోతుంది. 6.2 కంటే తగ్గితే, చదునుగా ఉండాల్సిన కణాలు ఉబ్బి గుండ్రంగా అయిపోతాయి. అలాంటివి ఎక్కించినా ఒంట్లో నిలవవు. మంచి బ్యాగ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి కదిపితే లోపల పొగలాంటి సుడులు కనిపిస్తాయి. కణాలు ఇంకా చదునుగానే ఉన్నాయనడానికి అదే గుర్తు. ఇన్నేళ్లైనా నాకది చూడ్డం సరదాయే.

మామూలుగా ఐదు రోజుల గడువు పెట్టడానికి ముఖ్య కారణం మాత్రం వేరు. ఆ వెచ్చదనంలో బాక్టీరియా పెరగొచ్చు. 1980లలో అమెరికాలో గడువును ఏడు రోజులకు పెంచి, ఈ భయంతోనే మళ్లీ ఐదుకు దించారు. బాక్టీరియా పరీక్షలు చేసేచోట ఇప్పుడు ఏడు రోజులూ వాడుతున్నారు.

నాలుగో రోజు బ్యాగ్‌తో కౌంట్ కాస్త తక్కువ పెరగొచ్చు, అంతమాత్రాన అది పాడైనట్టు కాదు. జ్వరం, ఇన్ఫెక్షన్, పెద్దదైన ప్లీహం ఉంటే తాజావి కూడా త్వరగా ఖర్చైపోతాయి. ఈసారి ఎక్కించిన గంటలోపే కౌంట్ చూడమని అడగండి. అప్పుడు బాగా పెరిగి మర్నాటికి పడిపోతే సాధారణంగా ఇలాంటి కారణాలే. రెండుసార్లు గంటలోపు కూడా పెరగకపోతే, దాత ప్లేట్‌లెట్లను నాశనం చేసే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయేమో పరీక్ష చేసి, నాన్నగారికి సరిపోలే దాత ప్లేట్‌లెట్లు వెతకాలి. ఎక్కిస్తుండగా చలి, వణుకు, జ్వరం వస్తే మాత్రం వెంటనే నర్సుకు చెప్పి ఆపించండి.