ఆశ వదిలేశాక కూడా దేవుడు వింటాడా? మా అమ్మ పెట్టుకున్న తగువు గురించి చెప్తాను

మీరు అడిగింది ఇది: "అమ్మ ఆరోగ్యం కోసం రెండేళ్లుగా పూజలు చేస్తున్నాను, డాక్టర్లు పెదవి విరిచేశారు. దేవుడు వింటాడని ఇంకా నమ్మడంలో అర్థం ఉందా? ఈమధ్య దేవుడి మీద కోపం కూడా వస్తోంది, అది పాపమా?"

చివరి ముక్కకి ముందు చెప్పేస్తాను. పాపం కాదు. కోపం వస్తోందంటే మీ నమ్మకం ఇంకా గట్టిగానే ఉందని అర్థం, లేనివాడి మీద ఎవరికైనా కోపం ఎందుకొస్తుంది? ఈ విషయంలో నాకు ఏ పండితుడి సర్టిఫికెట్టూ అక్కర్లేదు, మా అమ్మని చూశాను, చాలు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. ఉద్దానం అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేవి రెండే, కొబ్బరి తోటలు, కిడ్నీ జబ్బు. రెండూ మా ఇంట్లో ఉన్నాయి. ఇక్కడ ఇద్దరు బస్టాపులో ఎదురుపడితే పంటల సంగతి తర్వాత, ముందు "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే అడుగుతారు, అంటే కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష. మా నాన్నకి షుగర్ లేదు, బీపీ లేదు, మందు అలవాటు లేదు. అయినా కాళ్లు వాచాయి, ఆకలి పోయింది, ఏడాది తిరక్కుండా డయాలసిస్ దాకా వచ్చింది. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఇదీ కారణం అని తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో ఒళ్లు ఆరిపోయేలా పని చేయడం అన్నారు.

కారణం తెలియని జబ్బు కదా, అందుకని ఊళ్లో ప్రతివాడి దగ్గరా ఒక కారణం ఉంటుంది. పితృదోషం అన్నవాడొకడు. వాకిట్లో మునగచెట్టు కొట్టేయమన్నవాడొకడు. దగ్గరి బంధువు ఒకాయన అయితే "దేవుడి మీద నిజంగా నమ్మకముంటే మిషను ఎక్కడం దేనికి, పసరు మందుంది, నేను తెస్తాను" అన్నాడు. రెండు కిడ్నీలూ పూర్తిగా పనిచేయని మనిషికి డయాలసిస్ ఆపేస్తే సాధారణంగా వారం పదిరోజులు, మహా అయితే ఇంకొన్ని రోజులు. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్ల ఇంటికి జ్వరం వస్తే మాత్రం మొదటి ఆటోలో విశాఖ వెళ్తారు, నేను కళ్లారా చూశాను. మీ ఇంటికి కూడా వస్తూనే ఉండుంటారు ఇలాంటివాళ్లు. కాఫీ ఇచ్చి పంపేయండి, అంతకుమించి ఏమీ ఇవ్వొద్దు.

ఆరోగ్యం కోసమైతే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్లాలని మా జిల్లాలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు, పొద్దున్నే సూర్యకిరణాలు గుళ్లోకి వచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. నాన్నని ఒక ఏడాది అక్టోబరులో తీసుకెళ్లాం. తెల్లవారకముందే వెళ్లి, ఆ తోపులాటలో ఆయన్ని నిలబెట్టి, చూస్తే ఏముంది, మబ్బు. కిరణం లేదు, ఏమీ లేదు. అమ్మ మొహం మాడిపోయింది. నాన్న మాత్రం "మనం ఇంత దూరం వచ్చాం, ఆయనే రాలేదు" అని నవ్వేసి, బయట ఇడ్లీ తిన్నాడు. కొబ్బరి చట్నీ కూడా ఎక్కువ తినకూడదని ఇద్దరం గొడవ పడ్డాం.

సరే, అసలు సంగతికి వస్తాను. మాకు అక్టోబరు అచ్చిరాదు. 2013లో ఫైలిన్ తుఫాను, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ ఒకరోజు ముందుగా, 11న తెల్లవారుజామున వచ్చింది. హుద్‌హుద్ విశాఖని కొట్టింది కాబట్టి దేశమంతా మాట్లాడుకుంది, తిత్లీ సరిగ్గా పలాస దగ్గర తీరం దాటి మా మీద పడింది, మమ్మల్ని చూసినవాళ్లు తక్కువ. పరామర్శకొచ్చినవాళ్లు కూడా హైవే పక్క పడిన చెట్లు చూసి ఫొటోలు దిగి వెనక్కి తిరిగేవారు, లోపలి ఊళ్లదాకా రావడానికి దారేదీ అని వాళ్ల బాధ.

దసరా నవరాత్రులు ముందురోజే మొదలయ్యాయి. నేను పాపని తీసుకుని పుట్టింట్లోనే ఉన్నాను. అమ్మ దేవుడి గదిలో ఒక అఖండదీపం పెట్టింది, మా వీధి చివర అమ్మవారి గుళ్లో ఇంకొకటి పెట్టింది, తొమ్మిది రోజులూ కొండెక్కకుండా చూస్తానని మొక్కు. మొదటి రాత్రికే రెండూ ఆరిపోయాయి. ఆ గాలి చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయలేను, పక్కింటి రేకులు ఎగిరొచ్చి మా గోడకి తగులుతుంటే పాప చెవులు మూసి కూర్చున్నాను. తెల్లారాక తలుపు తీస్తే ఆకాశం ఎక్కువగా కనిపించింది. చెట్లు లేవు. మా తాత పెట్టిన కొబ్బరి చెట్లు, వాటి మధ్య పనసలు, అవతల జీడితోట, అన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడున్నాయి.

ఆ రోజు గురువారం, నాన్నకి డయాలసిస్ రోజు. మామూలుగా ఆటోలో అరగంట దారి. ఆ రోజు ఇంటి ముందు నుంచి వీధి మలుపు దాకా వెళ్లడానికే దారి లేదు. ఫోన్లు లేవు, కరెంటు లేదు, కరెంటు లేక మోటార్లు లేవు, తాగడానికి నీళ్లు లేవు. ఊరంతా రాలిపోయిన బొండాలు కొట్టుకుని తాగారు. పిల్లలకి పండగలా ఉంది, ఎవరి తోటలోదని అడిగేవాడు లేడు. నాన్నకి మాత్రం అందులో ఒక్క గుక్క కూడా వీల్లేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగిపోతే గుండె ఆగిపోవచ్చు. జన్మంతా కొబ్బరి పండించిన మనిషి, చుట్టూ వేల కాయలు, పెదాలు తడుపుకోవడానికి తడిగుడ్డ. ఇది గుర్తొస్తే నాకిప్పటికీ ఎవరిమీద కోపగించుకోవాలో తెలియదు.

శుక్రవారం సాయంత్రానికి ఆయన పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడటంలేదు, గోడకి దిండు పెట్టి కూర్చోబెట్టాం. అమ్మ ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది, పూడలేదు. అమ్మ దాన్నే చూస్తూ కాసేపు కూర్చుంది. నాన్న "ఇంక నన్ను ఎక్కడికీ తిప్పొద్దు" అన్నాడు, అంతే, ఆ తర్వాత ఏం మాట్లాడలేదు. దేవుడి మాట ఎత్తలేదు, తిట్టలేదు, దండం పెట్టలేదు. ఆయన మౌనం చూశాక నాకు అసలు భయం వేసింది.

అమ్మ లేచి కొంగు బిగించి గుడికి వెళ్లింది. నేను వెనకాలే పరిగెత్తాను. గుడి ముందున్న వేపచెట్టు కూలి గోడ సగం పడిపోయింది. అమ్మ ఆ కొమ్మల్లోంచి దూరి లోపల నిలబడి మొదలుపెట్టింది, వీధి వీధంతా వినపడేలా.

"ఏటే, నువ్వు నిజంగానే ఉన్నావేటి? కోడలుగా వచ్చినకాడ్నుంచి నీ గుమ్మం తుడిసినాను. సెట్లు తీసుకున్నావు, పోనీ అనుకున్నాను. ఇంట్లో మనిషిని కూడా తీసుకెల్తావా? నీ దీపం నువ్వే ఆర్పుకున్నావు, నువ్వే ఎలిగించుకో. నాను రాను ఇంక."

ప్రమిదని ఒక పక్కకి తోసేసి వచ్చేసింది. పక్కింటి ముసలావిడ "ఓలమ్మో, తప్పు తప్పు" అని లెంపలేసుకుంటోంది, అమ్మ తరఫున.

ఇప్పుడు నేను అద్భుతం జరిగిందని రాస్తాననుకుంటారు. అలాంటిదేం లేదు. మా ఊరి కుర్రాళ్లు గురువారం మధ్యాహ్నం నుంచే గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని రోడ్డు మీదున్న చెట్లు కొడుతున్నారు. కొబ్బరి మాను గొడ్డలికి అంత తేలిగ్గా లొంగదు, పీచు లేస్తుంది తప్ప తెగదు, అరచేతులు బొబ్బలెక్కిపోయాయి వాళ్లకి. అటువైపు ఊరివాళ్లు కూడా వాళ్ల వైపునుంచి కొట్టుకుంటూ వస్తున్నారట, మాకు తెలియదు. శనివారం తెల్లారేసరికి బండి పట్టేంత సందు దొరికింది. అంటే అమ్మ గుళ్లో అరవకముందే ఆ పని మొదలైంది. ప్రార్థన కంటే జవాబు ముందే బయల్దేరిందన్నమాట. మీరు హేతువాదులైతే మీ లెక్క మీరు వేసుకోండి, నాకు మాత్రం ఆ లెక్క సరిగ్గానే ఉంది.

నాన్నని బండి మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక మా చిన్నాన్న కొడుకు పట్టుకుని, మాను అడ్డమొచ్చిన చోటల్లా దింపి చేతుల మీద దాటించి తీసుకెళ్లారు. సెంటర్లో జనరేటర్ మీద నడుపుతున్నారు, డీజిల్ చాలదని ఒక్కొక్కరికీ నాలుగు గంటల బదులు రెండే. బయట మా నాన్నలాంటివాళ్లే వరుసగా కూర్చునున్నారు. ముందున్న ఒకావిడ నాన్న ఊపిరి చూసి "ముందు ఆయన్ని ఎక్కించండి, నేనాగగలను" అంది. దేవతలా వచ్చిందని మాత్రం నేను రాయను, ఎందుకంటే అలా అన్న మరుక్షణమే "నిన్న తీసుకురావాల్సిన మనిషిని ఇవాళ తెచ్చారు, బుద్ధుందా" అని నన్ను అందరిముందూ కడిగేసింది.

నాన్న ఆ గండం గట్టెక్కాడు. 2021లో పోయాడు, అది వేరే సంగతి. "మరి దేవుడు విన్నట్టా విననట్టా?" అని నేను అమ్మని అడిగాను ఒకసారి. "నాను ఆ రోజుకి అడిగినాను, ఆ రోజుకిచ్చింది. తరవాతది తరవాత అడిగినాను, ఇవ్వలేదు. ఇవ్వనప్పుడల్లా లేదంటే ఎలాగ?" అంది. నాకు తెలిసి దీనికంటే మంచి జవాబు ఏ ప్రవచనంలోనూ వినలేదు, అవి వింటూ నిద్రపోయిన రోజులే ఎక్కువ.

మన దగ్గర దేవుడితో తగువు కొత్తదేం కాదు. గజేంద్రుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని పిలుస్తూ పిలుస్తూ, మధ్యలో అసలు ఉన్నాడా లేడా అని అనుమానపడ్డాడు కదా. అనుమానించాడని విష్ణుమూర్తి మధ్యదారిలో వెనక్కి వెళ్లిపోలేదు. విజయనగరంలో పైడితల్లమ్మని రాజుగారి చెల్లెలంటారు, ఊరి ఆడపడుచు. ఆడపడుచుతో తగువు లేని ఇల్లు ఉంటుందా? చర్చికెళ్లే మా ఎదురింటి అక్క కూడా చెప్పింది, "మా కీర్తనల్లో దావీదు ఎన్నిసార్లు నిలదీశాడో, ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావు అని." ఈ "పాజిటివ్‌గా ఉండండి, దేవుడి ప్లాన్ ఉంటుంది" అని పొద్దున్నే పువ్వుల బొమ్మతో ఫార్వర్డ్ చేసేవాళ్లకి ఇవన్నీ తెలియవు. పదకొండు మందికి పంపితే కోరిక తీరుతుందట. మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు కూడా ఒకరు పంపారు.

ఇంకొకటి. 2018 ఆఖర్లో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని గుజరాత్ వైపు సముద్రంలో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు గుర్తుందా? పొట్టకూటికి అంత దూరం వెళ్లినవాళ్లు. ఏడాది పైన జైల్లో ఉన్నారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దగ్గర బయటికొచ్చారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మొక్కులు మొక్కడం ఆపలేదు, కనబడిన నాయకుడికల్లా అర్జీ ఇవ్వడమూ ఆపలేదు. అర్జీ ఇస్తే దేవుడి మీద నమ్మకం లేనట్టని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లు కాదు.

కాబట్టి మీరు కూడా రెండూ చేయండి. పెదవి విరిచింది ఏ డాక్టరు, ఒక్కరేనా? రిపోర్టులు పట్టుకుని ఇంకొకరికి చూపించండి. నొప్పి తగ్గించడానికైనా, ఆయాసం తగ్గించడానికైనా చేయగలిగింది దాదాపు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, "ఇంక ఏం లేదు" అనేది చాలాసార్లు ఆ డాక్టరు తొందర. పూజ దగ్గర కోపమొస్తే గట్టిగానే అరవండి. అమ్మగారికి వినపడేలా మాత్రం వద్దు, ఆవిడకి టెన్షన్.

మా అమ్మ గురించి ఎవరైనా అడుగుతారు కాబట్టి చెప్తున్నా, గుడికి రానని శపథం చేసిన మనిషి మళ్లీ వెళ్తోంది, ఎప్పుడు మొదలుపెట్టిందో మాకెవరికీ చెప్పలేదు. తిత్లీ తర్వాత పెట్టిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, ఈలోగా వాటికి తెల్లదోమ పట్టింది, ఆకులన్నీ మసి పూసినట్టు నల్లగా అయిపోయాయి. ఈమధ్య అమ్మవారితో దాని గురించి పెట్టుకుంది. అది ఇంకా తేలలేదు.