ఆవిడ అన్న మాటే చెప్పు

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల లండన్‌లో ఒక ఒమానీ రచయిత్రి తన నవల ఇంగ్లీషు అనువాదాన్ని జనం ముందుకు తెస్తోందనీ, ఆవిడ అరబ్బీలో చెప్పేదంతా పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పేది నువ్వేననీ మురిసిపోయాడు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఉస్మానియాలో నేను అరబ్బీ చదువుతానంటే ఇంట్లో అందరూ వింతగా చూశారు. ఇన్నేళ్ళకు ఆ దారిలో నువ్వు నడుస్తున్నావు. ఒళ్ళు పులకరించిన మాట నిజం. దాని వెనకే భయమూ వచ్చింది. అందుకే తెల్లారగానే ఇది రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. నవల రెండు భాషల్లోనూ చదువు. పేర్లూ అంకెలూ వెంటనే కాగితం మీద పెట్టు, మిగతాది గుర్తుంటుంది. ఆవిడ ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనే చెప్పు, ‘ఆవిడ ఏమంటున్నారంటే’ అని మొదలుపెట్టకు. ఆవిడ పేరు ఆవిడ నోటే పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకో. ‘ఐన్’ అక్షరం నీకు గొంతులోంచి ఇంకా పూర్తిగా రాదు, సాధన చెయ్యి.

అరబ్బీ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది, ఇంగ్లీషుది ఎడమ నుంచి. పేజీ అంకెలు రెంటికీ కలవవు. చదవాల్సిన చోట ముందే రెండిట్లోనూ కాగితం ముక్కలు పెట్టు. ముందు ఆవిడను అరబ్బీలో ఒక పేజీ చదవనివ్వు. హాల్లో ఎవరికీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ నవల ఏ చప్పుడులో పుట్టిందో వాళ్ళ చెవిన పడాలి.

గంట ముందు వెళ్ళి ఆవిడతో కూర్చో. నువ్వు నేర్చింది ఫుస్‌హా, అంటే పుస్తకాల అరబ్బీ. ఆవిడ చదివేటప్పుడు అదే చదువుతుంది కానీ మాటల్లో పడ్డాక ఒమాన్ యాస వచ్చేస్తుంది. ఆ యాసకు చెవి అలవాటు పడాలి. వీలైతే ఫ్లాస్కులో యాలకులు వేసిన అరబ్బీ కాఫీ కహ్వా, నాలుగు ఖర్జూరాలు పట్టుకెళ్ళు. మస్కట్‌లో నేనున్న ఇన్నేళ్ళలో ఆ చిన్న కాఫీ కప్పు ఫింజాన్ చేతికి రాకుండా ఎవరింట్లోనూ అసలు మాట మొదలవలేదు. ఇక చాలు అనడానికి కప్పును వేళ్ళ మధ్య కాస్త ఊపుతారు చూడు, అది చేసేదాకా పోస్తూనే ఉండు.

ఇంకొకటి మరచిపోకు. పుస్తకం మనకు కొత్తది, రాసినావిడకు కాదు. ఇంకో ఒమానీ రచయిత్రి జోఖా అల్ హార్తీ సంగతే చూడు: ఆమె నవల ‘సయ్యిదాత్ అల్ కమర్’ అరబ్బీలో 2010లో వచ్చింది, ఇంగ్లీషులో ‘సెలెస్టియల్ బాడీస్’ అనే పేరుతో 2018లో. మరుసటి ఏడాది మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ బహుమతి వచ్చినప్పుడు అందరూ కొత్త నవల అన్నారు. మీ రచయిత్రి కూడా ఎప్పుడో రాసి ముగించిన పుస్తకం దగ్గరికి మళ్ళీ నడిచి రావాలి. మొదటి ప్రశ్నకు ఆలోచిస్తూ ఉండిపోతే తొందరపెట్టకు. ఆ బహుమతి 50,000 పౌండ్లను రచయిత్రికీ అనువాదకురాలు మారిలిన్ బూత్‌కూ చెరిసగం పంచారని గుర్తుందా? అనువాదం చేసినవాళ్ళ పేరు మొదటి నిమిషంలోనే చెప్పు. హాల్లో ఉంటే లేచి నిలబడమను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1994 చలికాలం. మస్కట్‌లో ఒక ఈజిప్టు రచయిత్రి తన నవల ఇంగ్లీషులోకి వచ్చిన సందర్భంగా మాట్లాడింది. నీలాగే ఆవిడ పక్కన నేను. ఆ అక్టోబరులోనే కైరోలో ఈజిప్టు నవలాకారుడు నజీబ్ మహఫూజ్‌ను ఇంటి ముందే ఒక యువకుడు మెడలో కత్తితో పొడిచాడు. 82 ఏళ్ళ మనిషి, నోబెల్ అందుకున్న మనిషి. బతికాడు గానీ కుడిచేయి మళ్ళీ మునుపటిలా కలం పట్టలేదు. ఆ రోజుల్లో అరబ్బీలో రాసే ఎవరిని చూసినా నా కళ్ళు ముందు వాళ్ళ మెడ మీదికే పోయేవి.

అరబ్బీలో సుఆల్ అంటే ఉత్త ప్రశ్న. మన దాకా వచ్చేసరికి అది సవాలు అయింది. కొందరు ప్రశ్న పేరుతో మన తెలుగు సవాలే విసురుతారు. ఆ సాయంత్రం ఒకాయన లేచి, “మీ దేశంలో ఆడవాళ్ళంతా ఇలాగే నోరు మూసుకుని బతుకుతారా?” అని ఇంగ్లీషులో అడిగాడు. నేను అరబ్బీలో చెప్పాను. ఆవిడ ఆయన్నే చూస్తూ నెమ్మదిగా అంది: “నా నవలలో ఆమె నోరు మూసుకోలేదు. ముప్పై పేజీలు మాట్లాడింది. మీరే వినలేదు.”

మైకు నా చేతిలో ఉంది. ఆ మాట బయటికి పోతే ఎవరేం చేస్తారో, ఎక్కడ రాస్తారో, ఆవిడ రేపు కైరోలో విమానం దిగి ఇంటికెలా పోతుందో అని నా నోరు ఎండిపోయింది. “అందరూ అలా ఉండరు, మా సమాజం మారుతోంది, నా నవల ఆ మార్పు గురించే” అన్నాను ఇంగ్లీషులో. చప్పట్లు కొట్టారు. అడిగినాయన కూడా సంతృప్తిగా కూర్చున్నాడు.

ఆవిడకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు కానీ అర్థమవుతుంది. చప్పట్ల మధ్య నా వైపు తిరిగి, “అది నా మాట కాదు కదా, యా బింతీ” అంది. అమ్మాయీ అని పిలుస్తూనే అంది. అప్పుడైనా మైకు ఎత్తి ‘తప్పు చెప్పాను’ అనొచ్చు. అనలేదు. తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. రెండు రోజులకు ఒక పత్రికలో ఆవిడ ఫొటో కింద నా వాక్యం ఆవిడ పేరుతో అచ్చయింది. ఆవిడ జీవితంలో ఎన్నడూ అనని మాట. ఆ సాయంత్రం చివర్లో అందరి పుస్తకాల మీదా తలా ఒక వాక్యం రాసిచ్చింది. నా పుస్తకంలో సంతకం, తారీఖు మాత్రమే ఉన్నాయి. బీరువాలో ఉంది, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆవిడను కాపాడాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తన మెడ సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. తెలిసే అంది. ఆ ధైర్యాన్ని నేను ఆవిడ నోట్లోంచి తీసేశాను.

నీ విషయంలో నా భయం ఇదే. నీకు ఇంగ్లీషు రాదనీ కాదు, అరబ్బీ రాదనీ కాదు. చిన్నప్పుడు మా అమ్మకూ మీ అమ్మకూ మాట వస్తే, ఒకరి మాటకు చక్కెర పూసి ఇంకొకరికి చేరవేసేదానివి. గడప దగ్గర నిలబడి “నానమ్మ అన్నం తిన్నావా అని అడుగుతోందమ్మా” అనేదానివి. మా అమ్మ అన్నది అది కాదని ఇల్లంతటికీ తెలుసు. అప్పుడు నిన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నది నేనే. స్టేజీ మీద మాత్రం ఆ పని చేశావంటే ఊరుకోను. ఆవిడ కోపంగా అంటే కోపంగానే చెప్పు. ఏ మాటైనా అర్థం కాకపోతే ఆగి, అందరి ముందే ఆవిడను అడుగు. తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దు. ఎవరూ నిన్ను తక్కువ చెయ్యరు. చేస్తే నాకు చెప్పు.

స్వెట్టర్ వేసుకో, గొంతు చల్లబడితే మాట పెగలదు. కార్యక్రమం అయ్యాక ఇంటికి చేరి ఫోన్ చెయ్యి. మనకు రాత్రి మూడైనా సరే, మేలుకునే ఉంటాను.

నీ అత్త