సెలబ్రేషన్ బౌల్‌కి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ క్లాస్‌మేట్ వాళ్ళ ఇంటివాళ్ళతో కలిసి సెలబ్రేషన్ బౌల్‌కి (నల్లజాతి కాలేజీల ఛాంపియన్లు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌కి) రమ్మన్నాడని, నీకేమో అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా రావని, వెళ్ళాలా వద్దా అని అడిగావు. మారు మాట్లాడకుండా వెళ్ళు. ఇన్నేళ్ళుగా అట్లాంటాలో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి ప్రతి డిసెంబరులో ఊరి నడిమధ్య ఇలాంటి ఆట ఒకటి జరుగుతుందనే తెలియదు. మన శివారు ఆల్ఫరెట్టా దాటితే ఎయిర్‌పోర్టుకే కదా మనం కదిలేది! నిన్ను పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టుకుంటామంటున్నారు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. బంతి చేతిలో ఉన్న టీముకి 10 గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ఛాన్సులు. వెళ్తే మళ్ళీ నాలుగు. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ వెంటనే బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో పాయింటు. దూరం నుంచి తన్ని ఫీల్డ్ గోల్ కొడితే 3. మిగతాది పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడుగు, ఓపిగ్గా చెప్తారు. యూట్యూబ్‌లో రాత్రంతా చదువుకుని వెళ్ళకు.

ఆ ఒక్క పాయింటుని మాత్రం చిన్నచూపు చూడకు. 2016 బౌల్‌లో గ్రాంబ్లింగ్ కాలేజీ మీద ఆడుతూ నార్త్ కరోలినా సెంట్రల్ కాలేజీ ఆఖరి నిమిషాల్లో టచ్‌డౌన్ చేసి స్కోరు 10-9కి తెచ్చింది. ఇంకో పాయింటు తన్నితే సమం. కానీ బంతి పట్టిన కుర్రాడు ఆనందం పట్టలేక మైదానంలోనే హెల్మెట్ తీసేశాడు. దానికి 15 గజాల పెనాల్టీ. తన్నాల్సిన బంతి అంత వెనక్కి పోయింది, ఆ కిక్‌ని గ్రాంబ్లింగ్ వాళ్ళు అడ్డుకున్నారు, కప్పు కూడా వాళ్ళదే. ఈ ముచ్చట తెలుసని చెప్పి చూడు, నీ స్నేహితుడి తాతగారు నీతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడరు.

ఇక అసలు ఈ ఆట ఎందుకో తెలుసుకుని వెళ్ళు. నల్లవాళ్ళకి అమెరికా దక్షిణాదిలోని పెద్ద యూనివర్సిటీలు తలుపులు మూసేసిన రోజుల్లో వాళ్ళ చదువు, వాళ్ళ ఆట అన్నీ ఈ నల్లజాతి కాలేజీల్లోనే. ఫుట్‌బాల్‌లో పెద్ద పేర్లయిన వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ నుంచి, జెర్రీ రైస్ మిసిసిపీ వ్యాలీ స్టేట్ నుంచి వచ్చినవాళ్ళే. గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆ తర్వాత పెద్ద యూనివర్సిటీలు తలుపులు తెరిచి, మంచి ఆటగాళ్ళని ఏరుకుపోయాయి. అయినా ఈ కాలేజీలు ఆట వదల్లేదు. 1920లో పుట్టిన స్వాక్, 1970లో పుట్టిన మీయాక్ అనే రెండు కాన్ఫరెన్సుల (అంటే కాలేజీల లీగుల) ఛాంపియన్లు 2015 నుంచి ఇక్కడ తలపడుతున్నారు. కోవిడ్ వల్ల 2020లో ఒక్కసారే ఆగింది. గెలిచినవాళ్ళే ఆ ఏటికి నల్లజాతి కాలేజీల ఛాంపియన్ అని జనం లెక్క. అలాగని ఈ కాలేజీలన్నీ ఆ రెండు కాన్ఫరెన్సుల్లోనే లేవు. మొదటి అయిదు బౌల్స్‌లో నాలుగు గెలిచిన నార్త్ కరోలినా ఎ అండ్ టి ఇప్పుడు వేరే కాన్ఫరెన్సులో ఆడుతోంది, కాబట్టి ఈ గడప తొక్కడానికి లేదు.

ఒక తగాదా నీ చెవిన పడుతుంది. ఈ కాన్ఫరెన్సులు ఆడే డివిజన్‌లో జాతీయ ఛాంపియన్‌ని తేల్చడానికి 24 టీముల ప్లేఆఫ్స్ (నాకౌట్ మ్యాచ్‌లు) వేరే ఉన్నాయి. ఈ ఇద్దరు ఛాంపియన్లూ అది వదిలేసి ఇక్కడికొస్తారు. 1978లో ఫ్లోరిడా ఎ అండ్ ఎం మసాచుసెట్స్‌ని 35-28తో ఓడించి ఆ కిరీటం తెచ్చింది, మళ్ళీ ఏ నల్లజాతి కాలేజీకీ అది దక్కలేదు. వెళ్ళి మన సత్తా చూపించాలని కొందరంటారు. నాకైతే వీళ్ళ లెక్కే సబబనిపిస్తుంది. ఎక్కడో దూరాన, బ్యాండ్ కూడా లేకుండా ఆడే మొదటి రౌండ్ కంటే, దేశమంతా టీవీలో చూస్తుండగా సొంతవాళ్ళ మధ్య ఆడటం మేలు. పైగా కాన్ఫరెన్సుకి నాలుగు డబ్బులు వస్తాయి. కానీ నువ్వు మాత్రం అక్కడ తీర్పు చెప్పకు. అది ఇంటివాళ్ళ గొడవ, వింటూ కూర్చో.

హాఫ్‌టైమ్‌లో మనవాళ్ళు లేచి పాప్‌కార్న్‌కి పోతారు. నువ్వు కుర్చీలోంచి కదిలావో, సగం టికెట్ డబ్బులు వృథా. ఈ కాలేజీల బ్యాండ్ అంటే పక్కవాయిద్యం కాదు, దానికీ వేరే అభిమానులుంటారు. జాక్సన్ స్టేట్ వాళ్ళ సోనిక్ బూమ్, ఫ్లోరిడా ఎ అండ్ ఎం వాళ్ళ మార్చింగ్ 100 పేర్లు విన్నావా? బ్యాండ్‌ని నడిపించే డ్రమ్ మేజర్ నడుము వెనక్కి వంచుతూ వంచుతూ టోపీ మీది కుచ్చు నేలకి తాకించేదాకా పోతాడు, కాళ్ళు మాత్రం తాళం తప్పవు. తూబాలు (పెద్ద ఇత్తడి బాకాలు) ఒక్కసారి ఎత్తితే నీ గుండెలో కొట్టినట్టుంటుంది. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని కూర్చుంటే నన్ను తిట్టుకోకు.

ఇంకో జాగ్రత్త. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ఒక గుంపు, ఎరుపు, క్రీమ్ రంగుల్లో ఇంకో గుంపు కనిపిస్తాయి. వాళ్ళు సొరోరిటీ (నల్లజాతి కాలేజీ అమ్మాయిల సంఘం) ఆడపడుచులు. మగవాళ్ళ సంఘాలూ ఉంటాయి. ఇలాంటి నల్లజాతి సంఘాలు మొత్తం తొమ్మిది, అందులో అయిదు హోవర్డ్ యూనివర్సిటీలోనే పుట్టాయి. వాళ్ళ చేతి గుర్తులు, కేకలు, వరసగా వేసే అడుగులు చూసి చప్పట్లు కొట్టు. సరదాగా ఉందని నువ్వు అనుకరించకు, రీల్స్ కోసం అసలే వద్దు. ఆ గుర్తు వేసే హక్కు సభ్యులకే ఉంది.

రంగుల సంగతి ముందే కనుక్కో. మీవాళ్ళు ఏ టీమో అడిగి ఆ రంగు చొక్కా వేసుకో. ఎదుటి టీము రంగులో తేలితే రోజంతా ఆటపట్టిస్తారు. ముందుగా పార్కింగ్‌లో టెయిల్‌గేటింగ్ (కార్ల దగ్గరే వండుకుని తినే విందు) ఉంటుంది, చేతులూపుకుంటూ పోకు. డ్రింక్సో, స్వీట్లో పట్టుకెళ్ళు. బీఫ్, పోర్కు తినకపోతే ప్లేట్ చేతిలోకి వచ్చాక మొహమాటపడటం కంటే ముందే ఒక మెసేజ్ పెట్టు. చికెన్ వింగ్స్, వేయించిన చేప ఉండనే ఉంటాయి.

స్టేడియంలోకి అవతలికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగు, అరచేతంత చిన్న పర్సు తప్ప ఏదీ రానివ్వరు. లోపల క్యాష్ నడవదు, కార్డు పెట్టుకో. ఆట మధ్యాహ్నం 12కి అంటే నువ్వు పదింటికల్లా అక్కడుండాలి. కారు మాట మరిచిపో. ఫైవ్ పాయింట్స్ స్టేషన్‌లో పడమటికి పోయే బ్లూ లైన్ రైలో గ్రీన్ లైన్ రైలో ఎక్కి రెండో స్టేషన్ వైన్ సిటీలో దిగు. ఆ చుట్టుపక్కల మోర్‌హౌస్, స్పెల్‌మన్ అనే నల్లజాతి కాలేజీలున్నాయి. స్పెల్‌మన్ 1881లో ఫ్రెండ్‌షిప్ బాప్టిస్ట్ చర్చి నేలమాళిగలో మొదలైంది. ఈ స్టేడియం కట్టడానికి ఆ చర్చి పాత భవనాన్నే కొని కూల్చారు. నీ స్నేహితుడి అమ్మమ్మగారి వయసువాళ్ళకి ఆ కథ తెలిసి ఉండొచ్చు, అడుగు.

స్కోరు చూసి మధ్యలో లేవకు. 2022లో జాక్సన్ స్టేట్ ఆఖరి బంతికి టచ్‌డౌన్ చేసి సమం చేసింది, చివరికి ఓవర్‌టైమ్‌లో 41-34తో నార్త్ కరోలినా సెంట్రల్ గెలిచింది. ఆట అయ్యాక కూడా బ్యాండ్లు ఎదురెదురుగా నువ్వా నేనా అని వాయించుకోవడం ఉంటుంది, ఆటలో ఉండే నాలుగు క్వార్టర్ల తర్వాతిది కాబట్టి దాన్ని అయిదో క్వార్టర్ అంటారు. అది జరిగితే చూసే బయల్దేరు. ఎలాగూ ఆ టైములో వైన్ సిటీ ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టే చోటుండదు, మీ క్యాంపస్‌కి నడిచిపోవడమే నయం.

మావయ్య