కుప్పలో పాతబడిన సల్ఫైడు ఖనిజానికి జాంతేట్ పెంచితే సరిపోతుందా?

ఎనిమిది నెలలుగా యార్డులో కుప్పగా ఉన్న సీసం-జింకు ముడిఖనిజాన్ని మిల్లులోకి తీసుకోగానే సీసం రికవరీ (ఖనిజంలోంచి చేతికొచ్చే సీసం పాలు) పడిపోయిందనీ, జాంతేట్ (రేణువులు గాలి బుడగలకు అంటుకునేలా చేసే రసాయనం) మోతాదు పెంచితే సరిపోతుందా అనీ మీరు అడిగారు. సరిపోదు. నేను ఉత్తరాదిన ఒక ఖనిజ శుద్ధి కర్మాగారంలో చాలాకాలం పనిచేసి ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. మీరు చేయబోతున్న పొరపాటు నేను ఒకసారి చేసినదే.

మన కోనసీమ రైస్ మిల్లుల్లో ఆడిన తవుడును వెంటనే నూనె తీయడానికి పంపకపోతే, అందులోని ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లాలు పెంచుతుంది. బస్తా తూకం మారదు, నూనె నాణ్యత మాత్రం పోతుంది. ఖనిజంలో జరిగే చర్య వేరే అయినా, ల్యాబులో సీసం శాతం మునుపటిలాగే కనిపిస్తూ ఉండగా రేణువుల పైపొర మారిపోవడం అలాంటిదే. రేణువులను బుడగలకు అంటించి నురగలో తేల్చే ఫ్లోటేషన్‌కు కావలసింది ఆ పైపొరే.

గాలి, తేమ తగిలిన గెలీనా (సీసం సల్ఫైడు ఖనిజం) పైన సీసం సల్ఫేటు, కార్బొనేటు ఏర్పడతాయి. పక్కన పైరైట్ (ఇనుము సల్ఫైడు) ఆనుకుని ఉంటే రెండింటి మధ్య విద్యుత్ రసాయన చర్య నడిచి, పైరైట్ నిలిచి గెలీనాయే ముందుగా పాడవుతుంది. కుప్పలో పిర్రోటైట్ (మరో రకం ఇనుము సల్ఫైడు) ఉంటే అది పైరైట్ కన్నా ఎంతో వేగంగా ఆక్సీకరణం చెంది, వేడినీ ఆమ్లాన్నీ పుట్టిస్తుంది. వాన వెలిశాక కుప్ప లోంచి ఆవిరి లేవడం నేను కళ్లారా చూశాను. జాంతేట్ ఆమ్లంలో నిలవదు, విచ్ఛిన్నమవుతుంది. మిగిలినదాన్ని నీటిలో కరిగిన సీసం అయాన్లు మింగేస్తాయి. అంతకన్నా చికాకైన సంగతి మరొకటి ఉంది: కొబ్బరితోటల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తాన్నే (రాగి సల్ఫేటునే) జింకు సర్క్యూట్‌లో స్ఫాలరైట్‌ను (జింకు సల్ఫైడు ఖనిజాన్ని) తేల్చడానికి వేస్తాం కదా, పాత కుప్పలో చాల్కోపైరైట్ (రాగి ఖనిజం) కొద్దిగా ఉన్నా దాని నుంచి కరిగిన రాగి అదే పనిని మనం అడగకుండానే చేసి, జింకును సీసం కాన్సంట్రేట్‌లోకి (తేల్చి తీసిన సీసపు సరుకులోకి) లాక్కొస్తుంది.

నేను ఆ పొరపాటు చేసిన రోజు రఫర్ సెల్లులో (మొదటి దశ ఫ్లోటేషన్ తొట్టిలో) నురగ పలచబడి, బుడగలు అంచు చేరకముందే పగిలిపోతున్నాయి. నేను జాంతేట్ పెంచాను. సీసం అంతగా పెరగలేదు, పైరైట్ మాత్రం తేలింది. తర్వాత పాడైన పైపొరను మళ్లీ సల్ఫైడుగా మార్చడానికి సోడియం సల్ఫైడు ఒకేసారి ఎక్కువగా పోయించాను, దాంతో బాగున్న గెలీనా కూడా మునిగింది. ఆ షిఫ్టు టైలింగ్స్ అసే (వ్యర్థంలో పోయిన సీసం లెక్క) చూసిన మా పెద్దాయన ఏమన్నారో ఇక్కడ రాయలేను.

మీరు ముందుగా ఒక బీకరులో స్వేదనజలం పోసి, పాత ఖనిజపు పొడిని కలిపి, కాసేపు కలియబెట్టి లిట్మస్ ముంచండి. మరో బీకరులో గనిలోంచి కొత్తగా వచ్చిన దానికి అలాగే చేయండి. పాతదానిలో లిట్మస్ ఎర్రబడితే, ఆ ఆమ్లాన్ని సరిచేసే క్షారాన్ని మిల్లులోనే ఇవ్వండి. అయితే సున్నం అతిగా పడితే గెలీనాను కూడా అణచివేస్తుందని గుర్తుంచుకోండి. జింకును ఆపడానికి మన వరిచేలల్లో చల్లే జింకు సల్ఫేటే ఇక్కడా పనికొస్తుంది, కానీ రాగి సోకిన స్ఫాలరైట్‌కు అదొక్కటే చాలకపోవచ్చు. సోడియం సల్ఫైడును కొద్దికొద్దిగా, దశలవారీగా, ల్యాబు సెల్లులో మోతాదు తేల్చుకున్నాకే వాడండి. నా మటుకు అన్నిటికన్నా బాగా పనిచేసింది పాతదాన్ని కొత్త ఖనిజంలో తక్కువ పాళ్లలో కలిపి నడపడమే. నెలాఖరు టన్నుల కోసం కుప్పంతా ఒక్కసారే తోయమని పైవాళ్లు తొందరపెడితే, ఆ రెండు బీకర్లనూ వాళ్ల బల్ల మీద పెట్టండి.