ఒక్క పనికి ఒక యాప్ అవసరమా?

ప్రశ్న: గ్యాస్‌కి ఒక యాప్, కరెంటు బిల్లుకి ఒకటి, మందులకి ఒకటి, చివరికి టార్చికి కూడా ఒకటి వేసుకున్నాను. ఆఫర్లంటూ ఫోన్ రోజంతా మోగుతూనే ఉంటోంది. అన్నీ తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నీ అక్కర్లేదండీ. టార్చి యాప్ మాత్రం ఇవాళే తీసేయండి. స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే కనిపించే బటన్లలో టార్చి ఉంటుంది, క్యూఆర్ స్కాన్‌కి ఈ రోజుల్లో చాలా ఫోన్లలో కెమెరానే చాలు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ మీరు రోజూ వాడే యూపీఐ యాప్‌లోనే అయిపోతాయి. నెలకోసారి పనికొచ్చేదాన్ని నెలంతా ఫోన్లో ఎందుకు మొయ్యాలి? బ్యాంకు యాప్, తరచూ ప్రయాణాలుంటే రైలు టికెట్ల యాప్ ఉంచుకోండి, అవి నిజంగా పనికొస్తాయి.

ఇక మోత సంగతి. ఆండ్రాయిడ్ ఫోనైతే, విసిగించే నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని తోసెయ్యకుండా వేలితో కాసేపు నొక్కిపట్టుకోండి, అది ఏ రకం నోటిఫికేషనో అక్కడే కనిపిస్తుంది, ఆ ఒక్క రకాన్నే ఆపేయొచ్చు. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచీ ఈ సౌకర్యం ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచైతే కొత్త యాప్ ముందే అనుమతి అడగాలి, అప్పుడే వద్దనండి.

కొన్ని యాప్‌లు ఆర్డర్ కబుర్లనీ ఆఫర్లనీ ఒకే రకం కింద కలిపేస్తాయి, ఒకటి ఆపితే రెండోదీ ఆగిపోతుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే! అలాంటి యాప్‌కి నోటిఫికేషన్లు మొత్తం ఆపేసి, ఆర్డర్ పెట్టిన రోజు మీరే తెరిచి చూసుకోండి. బ్యాంకు లావాదేవీల అలర్ట్‌లు మాత్రం ఎప్పుడూ ఆపకండి.